పాడ్యమినాటి డ్రా

గద్వాల నేతవీధిలో గోపాలయ్యది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, కాలిపలకలు తొక్కుతూ, ముప్పై ఎనిమిదేళ్లుగా అతడు చీరలు నేస్తున్నాడు. ఒంటికి నూలు, అంచుకు పట్టు. ఆ రెండింటినీ ప్రతి పోగు దగ్గరా ఒకదానిలో ఒకటి మెలివేసి కలపడం ఆ ఊరి నేతలోని కిటుకు. ఒక్క మనిషితో అయ్యే పని కాదది. గోపాలయ్య నడుమ కూర్చుంటాడు, అతని భార్య రాధ అంచు వైపు కూర్చుంటుంది. అతని చేయి ఆగినచోట, మాట అవసరం లేకుండానే, ఆమె చేయి అందుకుంటుంది.

సాయంకాలం నాలుగు దాటగానే అతడు గుంటలోనుంచి లేచి, కాళ్లకు నువ్వులనూనె రాసుకుని, కోట పక్కనున్న మైదానానికి వెళ్లేవాడు. అక్కడ నేతవీధి యువకుల ఫుట్‌బాల్ జట్టుకు అతడే గురువు. పలకలు తొక్కే కాలికి బంతి తొందరగా లొంగుతుందని అతని విశ్వాసం. ఎడమకాలూ కుడికాలూ సమానంగా పనిచేయని కుర్రవాణ్ణి నెలరోజులు మగ్గం మీద కూర్చోబెట్టి, ఆ తరవాతే జట్టులోకి తీసుకునేవాడు. అతని జట్టు దూరంగా తన్నదు, పరుగులు పెట్టదు. పక్కవానికి, మళ్లీ వాని పక్కవానికి, బంతిని దగ్గరదగ్గరగా అందించుకుంటూ, అంచు కలిపినట్టు ముందుకు జరుగుతుంది.

ఈ రెండింటికీ తోడు అతనికి మూడవ అనుష్ఠానం ఒకటి ఉండేది. ప్రతి ఉదయం స్నానం చేసి, దేవుని ముందు దీపం పెట్టి, గుంటలో కాలు దించే ముందు, గోడకు ఆనుకుని కూర్చుని ఫోనులో ఒక వీడియో చూసేవాడు. దాని నిడివి ముప్పై రెండు నిమిషాలు. ఏడేళ్లపాటు ఒక్కరోజు కూడా తప్పలేదు. జపం చేసే మనిషికి మొదట్లో మంత్రం మీద ధ్యాస ఉంటుంది, కొంతకాలానికి మంత్రమే ఊపిరిలో కలిసిపోతుంది. గోపాలయ్యకు పగ అలా ఒంటబట్టింది.

ఆ పగ పుట్టిన తీరు ఇది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు ఊళ్లు కలిసి ఆడుకునే ఫుట్‌బాల్ లీగ్‌కు రెండు డివిజన్లు. పై డివిజన్‌లో అందరికంటే చివర నిలిచిన జట్టు కిందికి దిగుతుంది. కింది డివిజన్‌లో మొదట నిలిచినది పైకి ఎక్కుతుంది. కింది డివిజన్‌లో కూడా చివరికి పోయిన జట్టు లీగ్‌లోనుంచే వెళ్లిపోయి, మండల పోటీల్లో, గొర్రెలు మేసే బీళ్లలో ఆడుకోవలసిందే.

ఏడేళ్ల క్రితం గద్వాల పై డివిజన్‌లో ఉండేది. ఆ సంవత్సరం ఆఖరి ఆటలన్నీ పుష్య అమావాస్యనాడు పడ్డాయి. నేతవీధిలో అమావాస్యనాడు మగ్గం ఆడదు. గుంటలో కాలు పెట్టరు, పోగు నడిపే నాడె ముట్టరు, ఊరి పొలిమేర దాటరు. పలక తొక్కే కాలికి ఆనాడు సంపూర్ణ విశ్రాంతి గనుక బంతి కూడా తన్నరు. కాబట్టి తమ ఆటను ఒకరోజు ముందుకు, చతుర్దశికి జరపమని గోపాలయ్య స్వహస్తాలతో లీగ్ కమిటీకి దరఖాస్తు రాశాడు. మిగతా జట్ల సమ్మతి కావలసి వచ్చింది. అందరికంటే ముందు సంతకం చేసినవాడు వనపర్తి జట్టు శిక్షకుడు మల్లికార్జున్. అతడు అక్కడొక ప్రైవేటు బడిలో వ్యాయామం నేర్పే మాస్టారు.

"ఆచారం ముందర ఆట ఎంత, గోపాలన్నా. మీరు ముందురోజే ఆడుకోండ్రి. మాకేం పరేషాన్ లేదు" అన్నాడు మల్లికార్జున్. తన మోటారుసైకిలు మీద ఎక్కించుకుని కమిటీ ఆఫీసుకు తీసుకుపోయాడు కూడా. గోపాలయ్య అతనికి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. తరవాతి ఏళ్లలో అన్నింటికంటే ఎక్కువగా అతన్ని కాల్చింది ఆ దండమే.

చతుర్దశినాడు గద్వాల గెలిచింది. మరునాడు వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ ఆట. అప్పటికి లెక్క తేటగా తేలిపోయింది. ఆ ఇద్దరిలో ఒకరు ఓడితే ఓడినవారు కిందికి దిగుతారు. ఇద్దరూ ఓడకుండా ఉంటే గద్వాల దిగుతుంది. అన్ని ఆటలూ ఒకే వేళకు జరిగి ఉంటే ఈ లెక్క ఎవరికీ ముందుగా అందేది కాదు. తమ ఆట ముందుగా ముగించుకుని, ఆ లెక్కను పళ్లెంలో పెట్టి శత్రువుకు అందించినవారు నేతవీధివారే. అలాంటి పొరపాటు అమావాస్యను అంత నిష్ఠగా పట్టించుకునే మనుషులు మాత్రమే చేయగలరు.

ఆ ఆటలో యాభై ఎనిమిదవ నిమిషానికి చెరొక గోలు పడింది. ఆ తరవాత ముప్పై రెండు నిమిషాలపాటు రెండు జట్లూ నడి మైదానంలో బంతిని ఒకరికొకరు అందించుకున్నాయి. ఒక్కరూ గోలు వైపు చూడలేదు. వనపర్తిలో చదువుకుంటున్న నేతవీధి విద్యార్థి దాన్ని ఫోనులో తీసి పంపాడు. పొలిమేర దాటని గోపాలయ్య తన ఇంటి గడపలో కూర్చుని చూశాడు. వీడియో చివర మల్లికార్జున్ నీళ్ల సీసా మూత తీస్తూ ఎవరితోనో నవ్వుతున్నాడు.

కమిటీకి ఫిర్యాదు చేస్తే, గోలు వైపు తన్నితీరాలని నియమాల్లో ఎక్కడా లేదని జవాబు వచ్చింది. గద్వాల కిందికి దిగింది.

ఆరేళ్లు కింది డివిజన్‌లో మగ్గినాక, వనపర్తి కూడా పైనుంచి జారి అదే డివిజన్‌లోకి వచ్చి పడింది. ఆ కబురు చెప్పింది జట్టు నాయకుడు, గోపాలయ్యకు మేనల్లుడు అయిన జగదీశ్. విని గోపాలయ్య చిరునవ్వు నవ్వాడు.

"మామ నవ్విండంటే ఎవడికో మూడింది రా" అన్నాడు జగదీశ్, బంతిలో గాలి చూస్తూ.

"ఎవడికో ఏంది, ఆ మాస్టర్‌కే" అన్నాడు గోలు కాసే రాజ్‌కుమార్. "ఆరేండ్ల సంది రోజూ పొద్దుగాల ఆయన మొకం చూసి పని షురూ చేస్తుండు. అత్త మొకం కూడా గంత పట్టి చూడలే."

గోపాలయ్య ఈ మాటకు కూడా నవ్వాడు. ఆ ఏడాది జట్టు ఎన్నడూ లేనంత బాగా ఆడింది. వనపర్తిని సొంత మైదానంలో నాలుగు గోల్స్‌తో, వారి మైదానంలో మూడు గోల్స్‌తో ఓడించింది. రెండవ ఆట ముగిసి బస్సులో తిరిగి వస్తూ కుర్రాళ్లు పాటలు పాడుతుంటే, పెబ్బేరు దాటేవరకూ అతడు కిటికీలోనుంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

"గెలిచినం గద మామా. ఇంకేం కావాలె?" అని జగదీశ్ అడిగాడు.

"మనం గెలిస్తే వాడు ఓడిండు. ఓడుడు అందరికీ ఉంటది" అన్నాడు గోపాలయ్య. "నేను ఓడలే. గడపల కూసొని చూసిన. వాడు కూడా కూసొని చూడాలె."

మూడు ఆటలు మిగిలి ఉండగా కమిటీ ఆఖరి ఆటల తేదీ ప్రకటించింది. మళ్లీ పుష్య అమావాస్య. గోపాలయ్య పంచాంగం తీసి చూశాడు, పాయింట్ల పట్టిక పక్కన పెట్టుకుని చూశాడు. గద్వాలకు ఆఖరి ఆట గట్టు అనే ఊరి జట్టుతో. పట్టికలో గద్వాల అందరికంటే పైన ఉంది. గట్టూ వనపర్తీ అందరికంటే కింద, ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. ఆ పూటే అతడు దరఖాస్తు రాశాడు. ఈసారి ముందురోజు కాదు, అమావాస్య మరునాడు, పాడ్యమికి ఆట పెట్టమని.

కమిటీ ఆఫీసు వనపర్తిలో ఉంది. అధ్యక్షుడు విశ్రాంత తహసీలుదారు. ఆయన దరఖాస్తు చదివి, అక్కడే ఉన్న మల్లికార్జున్‌కు అందించాడు. మల్లికార్జున్ దాన్ని ఒకసారి చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మరొకసారి చదివాడు.

"పోయినసారి ముందురోజు ఆడితిరి గద. ఇప్పుడెందుకు ఎనకకు?" అని అడిగాడు.

"చతుర్దశినాడు మా వీధిల పడుగు పరిచేది ఉన్నది సార్" అన్నాడు గోపాలయ్య. "వీధి పొడుగూత పరిచి గంజి పట్టియ్యాలె. ఇంటికొక మనిషి నిలబడాలె. జట్టు మొత్తం గా పనిల ఉంటది."

"నిజంగనే ఉన్నదా?"

"ఉన్నది."

"మగ్గం సాక్షి?"

నేతవానికి అంతకు మించిన ఒట్టు లేదు. గోపాలయ్య ఒక్క క్షణం కూడా తడబడలేదు. "మగ్గం సాక్షి" అన్నాడు.

అధ్యక్షుడు కుర్చీలో కదిలాడు. "ఆనాడు మీరే అందరికన్న ముందుగాల సంతకం పెట్టిండ్రు మాస్టారూ. ఆచారానికి అప్పుడు ఒప్పుకొని ఇప్పుడు కాదంటే మంచిగుండదు."

మల్లికార్జున్ కలం కాగితం మీద ఆనించి ఆగాడు. సంతకం పెట్టకపోతే నేతవారి ఆచారాన్ని తోసిపుచ్చినవాడవుతాడు. పెడితే మెడకు ఉరి తానే తగిలించుకున్నవాడవుతాడు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసిందని గోపాలయ్యకూ తెలుసు. కలం కదిలింది.

"నీ చేతిరాత మంచిగుంటది గోపాలన్నా" అన్నాడు మల్లికార్జున్ కాగితం తిరిగి ఇస్తూ. గోపాలయ్య ఈసారి దండం పెట్టలేదు.

ఇంటికి వచ్చి రాధకు జరిగినది చెప్పాడు. ఆమె అంచు పోగు చేతిలో పట్టుకునే వింది.

"ఏ పడుగు?" అన్నది. "ఇంట్ల నూలే లేకపాయె. వీధిల ఎవలింట్ల లేదు."

"లేదు."

"మరి మగ్గం సాక్షి అంటివా?"

"అన్న."

రాధ నాడెను పక్కకు పెట్టింది. ఆమె పుట్టింట్లోనూ మగ్గమే, మెట్టినింట్లోనూ మగ్గమే. అమావాస్యనాడు మగ్గానికి పసుపు రాసేటప్పుడు ఆమె గర్భగుడిలో నిలబడినంత జాగ్రత్తగా నిలబడుతుంది.

"ఇగో, ఈ మగ్గం నీ ఒక్కనిది కాదు" అన్నది. "గీ దిక్కు నేను కూసుంట. నా దిక్కు సాక్షి లేదు."

"నీ దిక్కు వదిలేసే అన్న అనుకో."

"అంచు లేకుంట చీర ఎట్లయితది?" అని ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆ పూట మగ్గం ఆగిపోయింది. మరునాడు ఇద్దరూ మళ్లీ కూర్చున్నారు గాని, అమావాస్య వరకూ ఆమె అతనితో పనికి అవసరమైన మాటలే మాట్లాడింది.

గట్టు జట్టు గురువు దానియేలు. కుటుంబమంతా కూలినాలి చేసుకు బతికేవారు. అతడు విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేలలో పనిచేస్తాడు. అతని ఆటగాళ్లలో సగంమంది బెంగుళూరులో కట్టడాల పనిలో ఉంటారు. ఆట ముందురోజు రాత్రి బస్సో లారీయో ఎక్కి వచ్చి, ఆడి, ఆ సాయంకాలమే తిరిగి పోతారు. అటువంటి జట్టును నాలుగేళ్లుగా లీగ్‌లో నిలబెట్టడమే దానియేలు సాధించిన ఘనత. గోపాలయ్య గట్టుకు పోయి, పత్తి చేను గట్టు మీద అతని పక్కన కూర్చున్నాడు.

"ఆఖరు ఆట పాడ్యమినాడు పెట్టించిన" అన్నాడు. "వనపర్తోళ్లది ముందురోజే అయిపోతది. మనకు అన్నీ తెలిసి దిగుతం."

దానియేలు చేతిలోని పత్తికాయ నుంచి దూది తీయడం ముగించి, చేతులు దులుపుకున్నాడు. "వాళ్లు ఓడితే మాకు ఫికర్ లేదు. గెలిస్తే?"

"గెలిస్తే మీకు ఒక్క పాయింటు కావాలె. మాకు పైకి పోనీకె ఒక్క పాయింటు కావాలె. మీరు మా దిక్కు రాకుంటే, మేము మీ దిక్కు రాము."

"మీతోని ఆడితే మేము ఓడుతమన్నా, అది ఉన్న మాటే. మా పిల్లలు బెంగుళూరుకెళ్లి వచ్చేది ఆట కోసం. లీగ్‌ల లేకుంటే ఎవడొస్తడు?" అన్నాడు దానియేలు మెల్లగా. "కాని దేవుడు చూస్తడు గద."

"చూడనియ్యి. పోయినసారి కూడ చూసిండు" అన్నాడు గోపాలయ్య.

చతుర్దశినాడు నేతవీధిలో ఎవరూ పడుగు పరవలేదు. ఎవరూ దాని మాట ఎత్తలేదు. అమావాస్యనాడు వనపర్తి తన ఆఖరి ఆటలో కొత్తకోట జట్టును రెండు గోల్స్‌తో గెలిచింది. రాధ మగ్గానికి పసుపు రాస్తుండగా ఆ వార్త ఫోనులో వచ్చింది. పూజ తప్ప గోపాలయ్య మనసులో మరొక కోరిక ఉండదగిన రోజు కాదది. అయినా, వనపర్తి గెలిచినందుకు అతడు దేవునికి మనసులో నమస్కరించాడు. ఓడి ఉంటే వారు తమంత తామే పోయేవారు. గెలిచారు కనుక, ఇక వారిని పంపవలసింది తానే.

మరునాడు మైదానంలో జగదీశ్ ఒక మాట అడగడానికి వచ్చాడు.

"మామా, నాకు అప్పుడు పదారేండ్లు. గా వీడియో చూసి రెండు రోజులు తిండి తినలే. మళ్ల నన్నే గట్ల ఆడుమంటవా?"

"ఆడుమంట."

"మనం గట్టును ఓడగొట్టగలం. అయిదు గోల్స్ కొడ్తం. పైకి పోతం. గది సాలదా?"

"అయిదు గోల్స్ కొడితే గట్టు పోతది. వాళ్లు నాకేం చేసిండ్రు?" అన్నాడు గోపాలయ్య. "నువ్వు ఎవని బతికిస్తవో చెప్పు. దానియేలునా, మాస్టర్నా?"

ఆ ప్రశ్న న్యాయమైనది కాదని జగదీశ్‌కు తోచింది గాని, ఎక్కడ అన్యాయమో వేలుపెట్టి చూపలేకపోయాడు.

మల్లికార్జున్ తన పదకొండుమందినీ వెంటబెట్టుకుని వచ్చాడు. పడమటి వైపు మెట్ల మీద, ఎండకు చేయి అడ్డుపెట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో కూర్చుని ఫోనులో చూసి ఉండవచ్చు. కాని వచ్చాడు. గోపాలయ్య తన కుర్చీని మైదానం వైపు నుంచి కొంచెం తిప్పి, ఆ మెట్లు కనబడేట్టు వేసుకున్నాడు.

మొదటి సగంలో గట్టు గోలు కొట్టింది. బెంగుళూరు నుంచి ఆ ఉదయమే దిగిన యేసుబాబు దూరం నుంచి తన్నిన బంతి అది. తన్నినవాడే నమ్మలేక ఒక్కక్షణం అక్కడే నిలబడ్డాడు. ఆ గోలు ఎవరి ఒప్పందంలోనూ లేదు. పది నిమిషాలు గద్వాల నిజంగా ఆడవలసి వచ్చింది. ఆ పది నిమిషాలూ చూసినవారు ఆ జట్టు ఎంత గొప్పదో చూశారు. పోగు పక్కన పోగు వేసినట్టు పదమూడు పాసులు పోయి, జగదీశ్ కాలి నుంచి బంతి వలలో పడింది. జనం లేచి నిలబడి ఈలలు వేశారు. చెరొకటి.

విరామం తరవాత, ఆట ఆగిపోయింది.

బంతి ఆగలేదు, ఆటే ఆగింది. గద్వాల వెనుక వరసలో నలుగురు బంతిని ఒకరికొకరు అందించుకున్నారు. గట్టు ఆటగాళ్లు తమ సగంలో చేతులు నడుముకు పెట్టుకుని నిలబడ్డారు. అయిదు నిమిషాలకు జనానికి అనుమానం వచ్చింది. పది నిమిషాలకు అర్థమయింది.

"ఏంరా జగదీశూ, బంతికి గంజి పట్టిస్తున్నరా?" అని ఎవరో అరిచారు. కొందరు నవ్వారు.

"పైకి పోయేటోళ్లు గిట్లనే ఆడుతరా?" అని మరొకరు.

ఇరవై నిమిషాలకు నవ్వులు లేవు. నేతవీధి పెద్ద యాదయ్య, డెబ్బయ్యేళ్ల మనిషి, భుజం మీది తువ్వాలు దులిపి లేచి, మైదానం అంచున నడుచుకుంటూ గోపాలయ్య కుర్చీ ముందునుంచే వెళ్లిపోయాడు. అతని వెంట పదిమంది, ఇరవైమంది. గోపాలయ్య వారిని చూడలేదు. మెట్ల మీది మనిషినే చూస్తున్నాడు.

మల్లికార్జున్ మొదట ముందుకు వంగి కూర్చున్నాడు. తరవాత మోచేతులు మోకాళ్ల మీద ఆనించాడు. అతని ఆటగాళ్లలో ఒకడు లేచి బూతు తిట్టబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. ఆఖరి నిమిషాల్లో, వెనుదిరిగి పోకుండా, తల దించకుండా, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, చితి ముందు కూర్చున్నవానిలా కూర్చున్నాడు. గోపాలయ్య ఆ ముఖాన్ని తనివితీరా చూశాడు. ఏడేళ్ల ఆకలి అన్నం ముందు కూర్చుంటే ఎలా తింటుందో అలా చూశాడు. పగ తీరినవానికి శాంతి దక్కదని పెద్దలు చెబుతారు. ఆ సాయంకాలం గోపాలయ్య ముఖంలో కనబడినది మాత్రం సంపూర్ణమైన తృప్తి. దాన్ని దాచి చెప్పడం అసత్యమవుతుంది.

విజిల్ పడింది. గద్వాల పైకి ఎక్కింది. గట్టు నిలబడింది. వనపర్తి లీగ్ నుంచి వెళ్లిపోయింది. మైదానంలో ఎవరూ ఎవరినీ కౌగిలించుకోలేదు. దానియేలు తన పిల్లలను త్వరత్వరగా పోగుచేసుకుని బస్టాండుకు నడిచాడు.

మల్లికార్జున్ మెట్లు దిగి నేరుగా గోపాలయ్య దగ్గరికి వచ్చి చేయి చాచాడు.

"లెక్క సాఫ్ అయింది గోపాలన్నా" అన్నాడు. "ఆనాడు నేను చేసిన, ఈనాడు నువ్వు చేసినవ్. ఇప్పుడు మనిద్దరం ఒక్కటే."

గోపాలయ్య కుర్చీలోనుంచి లేవలేదు. చేయి అందుకోలేదు.

"ఒక్కటి కాదు" అన్నాడు. "నువ్వు మునిగిపోతనని భయపడి చేసినవ్. నాకు ఏ భయం లేదు. నేను కావాలని చేసిన."

మల్లికార్జున్ చాచిన చేతిని వెనక్కి తీసుకుని, ఆ అరచేతిని ఒకసారి చూసుకున్నాడు. "గంత దూరం పోయినవా" అని మాత్రం అన్నాడు.

నెల తిరగకముందే కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇకమీదట ఆఖరి ఆటలన్నీ ఒకే రోజు, ఒకే వేళకు జరుగుతాయనీ, ఏ ఆచారం పేరునా తేదీ మార్చబోమనీ అందులో ఉంది. యాదయ్య ఇంటి అరుగు మీద వీధి పెద్దలు కూర్చుని గోపాలయ్యను పిలిపించారు. ఆట గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

"మన తాతల నాటి అమావాస్య అది" అన్నాడు యాదయ్య. "లీగోళ్లు మన మొకం చూసి దానికి మర్యాద ఇచ్చిండ్రు. నువ్వు అబద్ధంల ముంచి వాడుకున్నవ్. ఇగ ఎన్నడన్న అమావాస్యనాడు ఆట పడితే పోరగాళ్లు ఆడాలె, లేకుంటే ఓడినట్టు రాసుకోవాలె. నీకు జరన్న తప్పనిపిస్తలేదా?"

"అనిపిస్తున్నది" అన్నాడు గోపాలయ్య.

"మరి?"

"మళ్ల గదే రోజు వస్తే మళ్ల గదే చేస్త, కాకా. మీరడిగిండ్రు కాబట్టి చెప్తున్న. నా నోట ఇంకో అబద్ధం ఎందుకు?"

యాదయ్య కళ్లు మూసుకున్నాడు. జట్టు బాధ్యత గోపాలయ్య నుంచి తీసి జగదీశ్‌కు అప్పగించారు. గోపాలయ్య వాదించలేదు. జట్టు పై డివిజన్‌కు పోయింది, అతడు దానితో పోలేదు.

ఆ ఇంటి మగ్గం మీద ఇప్పుడూ ఇద్దరూ కూర్చుంటారు. అంచు కలుస్తుంది. అమావాస్యనాడు రాధ ఒక్కతే పసుపు రాస్తుంది. అతడు ఆ పూట గడప అవతల అరుగు మీదే ఉంటాడు. అది ఆమె పెట్టిన కట్టడి. అతడు దాన్ని ఒప్పుకున్నాడు. ఫోనులో ఆ వీడియోను అతడు తుడిచివేశాడు. దాని అవసరం తీరింది.

కాని ఆదివారాలు అతడు ఇంట్లో ఉండడు. ఉదయం బస్సెక్కి ఎర్రవల్లి చౌరస్తాలో మారి కొత్తకోటకు పోతాడు. హైవే మీద ధాబాల వెనుక, లారీలు బాగుచేసే షెడ్లను ఆనుకుని ఒక బీడు ఉంది. ఈ ఏడాది మండల పోటీలు అక్కడే. గోలు స్తంభాలకు వలలు లేవు, సున్నపు గీతలను గొర్రెలు తొక్కి చెరిపేస్తాయి. వనపర్తి జట్టు అక్కడ ఆడుతోంది. సగంమంది వేరే జట్లకు పోయారు. ఉన్నవారితోనూ, తన బడి పిల్లలతోనూ మల్లికార్జున్ జట్టు నిలబెట్టాడు.

గోపాలయ్య ప్రతి ఆటకూ వస్తాడు. మల్లికార్జున్‌కు సరిగ్గా ఎదురుగా, గీత అవతల, తువ్వాలు పరుచుకుని కూర్చుంటాడు. అరవడు, చప్పట్లు కొట్టడు, ఒక్క మాట అనడు. పల్లీలు తింటూ చూస్తాడు. మొదట్లో ఆటగాళ్లు అతన్ని వేళాకోళం చేశారు, తరవాత మానుకున్నారు. అయిదవ ఆదివారం విరామంలో మల్లికార్జున్ మైదానం దాటి వచ్చి అతని ముందు నిలబడ్డాడు. హైవే మీద బెంగుళూరు బస్సు ఒకటి హారను మోగిస్తూ పోయింది. అది పోయేవరకూ ఆగి అడిగాడు.

"నీ జట్టు నాగర్‌కర్నూలుల ఆడుతుంది ఇయ్యాల. పై డివిజన్ ఆట. అక్కడికి పోక ఇక్కడ నీకేం పని, గోపాలన్నా?"

"నిన్ను చూస్తున్న."

"అయిపోయింది గదనే. ఇంకెన్ని రోజులు చూస్తవ్?"

గోపాలయ్య పల్లీల పొట్టు ఊది, తలెత్తాడు.

"నువ్వు మళ్ల లీగ్‌లకు ఎక్కేదాకా" అన్నాడు. "నువ్వు ఎక్కుతుంటే కూడ నేను చూడాలె. అప్పటిదాకా ఏ ఆదివారం నీకు ఒంటరిగ దొరకదు."

మల్లికార్జున్ అతని ముఖంలోకి చూశాడు. కోపం రాలేదు. నవ్వూ రాలేదు. "ఎండల కూసోకు, గా షెడ్డు నీడ జర ఇటు వస్తది" అని చెప్పి తన పిల్లల దగ్గరికి వెళ్లిపోయాడు.

విజిల్ పడింది. గోపాలయ్య నీడలోకి జరగలేదు. తువ్వాలు సవరించుకుని, ఎండలోనే, మరికొంచెం ముందుకు జరిగి కూర్చున్నాడు.